కల్యాణ మండపం అన్నం తినే ఆవులకు ప్రోబయోటిక్ పౌడర్ వేయొచ్చా?

ప్రశ్న: బెంగళూరు పక్కన హోస్కోటె దగ్గర నాకు ఆరు హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) క్రాస్ ఆవులున్నాయి సార్. కల్యాణ మండపాల్లో మిగిలిన అన్నం తెచ్చి పెడుతున్నాను. ఈమధ్య పేడ పల్చబడింది, పాలలో ఫ్యాట్ తగ్గింది. రెండు వారాల దూడ కూడా పారుతోంది. మందుల షాపులో ప్రోబయోటిక్, ప్రీబయోటిక్ కలిసిన పౌడర్ చూపించి అన్నిటికీ ఇదే వేయమంటున్నారు. వేయమంటారా?

జవాబు: ముందు అన్నం ఆపాలండీ, పౌడర్ సంగతి తర్వాత. వండిన అన్నం పెద్దపొట్టలో (ఆవుకున్న నాలుగు పొట్టల్లో మొదటిది) చాలా త్వరగా పులిసిపోతుంది. ఆమ్లం పెరిగితే పీచును అరిగించే సూక్ష్మజీవులు దెబ్బతింటాయి. పాలలో వెన్నకు ముడిసరుకు చాలావరకు ఆ పీచు నుంచే రావాలి, అందుకే ఫ్యాట్ పడిపోయింది. పేడను కాస్త కదిపి చూడండి. నురగ, బుడగలు, పుల్లటి వాసన ఉంటే కారణం ఇదేననుకోవచ్చు. పొద్దున్నే రాగిగడ్డి వేసి, అది తిన్నాకే దాణా పెట్టండి. ఆవు నెమరు మానేసినా, మేత ముట్టకపోయినా డాక్టర్‌ని పిలవండి.

ప్రోబయోటిక్ అంటే మేలు చేసే బతికున్న సూక్ష్మజీవులు. పెద్ద ఆవులకు పనికొచ్చేది లైవ్ ఈస్టు, అంటే బతికున్న ఈస్టు. మేతతో పాటు పొట్టలోకి వెళ్లే కొద్దిపాటి ఆక్సిజన్‌ను అది వాడేసుకుంటుంది. పీచు అరిగించే బ్యాక్టీరియాకు ఆక్సిజన్ పడదు కాబట్టి వాటికి ఊపిరి తీసుకునే వీలు దొరికినట్టే (మాట తిరగబడినట్టున్నా నిజం అంతే!). వేడి నీళ్లు పోసిన బూసాలో కలిపితే మాత్రం ఈస్టు చచ్చిపోతుంది. ఇక ప్రీబయోటిక్ అంటే మంచి సూక్ష్మజీవులకు వేసే మేత. పెద్ద ఆవులో అది చాలావరకు పెద్దపొట్టలోనే కరిగిపోతుంది, దానికోసం వేరే ఖర్చు పెట్టమని నేను చెప్పను.

దూడ లెక్క వేరు. దాని పెద్దపొట్ట ఇంకా ఎదగలేదు, తాగిన పాలు నేరుగా నాలుగో పొట్టకు వెళ్తాయి. అందుకే దూడకు లాక్టోబాసిల్లస్ అనే బ్యాక్టీరియా ఉన్న రకం ప్రోబయోటిక్ కొంత మేలు చేయొచ్చు. కానీ పారే దూడను కాపాడేవి నీళ్లు, లవణాలు. పాలు మానిపించకుండా, రెండు పూటల మధ్య దూడల ఎలక్ట్రోలైట్ తాగించండి. కళ్లు లోపలికి పోయినా, పాలు చీకకపోయినా, లేవలేకపోయినా ఆ రోజే సెలైన్ ఎక్కించాల్సి రావచ్చు, ఆలస్యం చేయొద్దు. డాక్టర్ యాంటీబయోటిక్ ఇస్తే లాక్టోబాసిల్లస్‌ను కొన్ని గంటలు ఎడం పెట్టి వేయండి. ఈసారి ఈనినప్పుడు 35 కిలోల దూడకు మొదటి రోజే కనీసం మూడున్నర లీటర్ల ముర్రుపాలు పట్టండి, మొదటి విడత రెండు గంటల్లోపే.

పౌడర్ ఇప్పటికే కొనేసి ఉంటే లేబుల్ చూడండి. లైవ్ ఈస్టు అని, జీవకణాల సంఖ్య, గడువు తేదీ రాసి ఉంటే ఆవులకు వాడుకోండి. లేకపోతే షాపులో తిరిగి ఇచ్చేయండి.