నీరు పోసిన వెంటనే కుండీ అడుగు నుంచి కారిపోతోందంటే

రోజూ రెండు పూటలా పోసినా నిరుటి వేసవిలో మేడ మీది బెండ మొక్కలు వాడిపోయాయనీ, పోసిన నీరు పోసినట్టే అడుగు నుంచి కారిపోయేదనీ మీరు రాశారు కనుక, లోపం నీటిలో కాక మట్టిలో ఉన్నట్లుంది. కొబ్బరి పొట్టు కలిపిన మట్టి ఒకసారి పూర్తిగా ఎండితే తడిని సులభంగా పీల్చుకోదు. అది కుంచించుకుపోయి అంచున ఏర్పడిన సందులోంచి నీరు జారిపోతుంది. పైన తడిగా కనిపించినా, వేలు రెండు అంగుళాలు దించి చూస్తే లోపల పొడిగా తగులుతుంది.

1. విత్తనాలు వేసే ముందు పాత మట్టిని గుమ్మరించి, వేళ్లు ఏరివేసి, మూడు పాళ్ల మట్టికి ఒక పాలు మాగిన పశువుల ఎరువు కలపండి.

2. చాలామంది వదిలేసే పని ఇదే. నింపిన కుండీని నీళ్ల తొట్టెలో సగం మునిగేలా ఉంచి, తడి కింది నుంచి పైకి ఎక్కి పైమట్టి ముదురు రంగుకు తిరిగే వరకు, గంటసేపైనా సరే, కదపకండి. ఎత్తలేనంత పెద్ద కుండీ అయితే అరగంటకొకసారి, మూడు నాలుగు విడతలుగా, కొద్దికొద్దిగా పోయండి.

3. మొలకలు నిలదొక్కుకున్నాక రెండు అంగుళాల మందాన ఎండుటాకులు పరచండి. విశాఖలో ఎండతో పాటు సముద్రపు గాలి కూడా మట్టిని ఆరబెడుతుంది కనుక, గాలి తగిలే వైపు ఆనప తీగకు పందిరి వేస్తే వెనుక ఉన్న బెండకు చాటు దొరుకుతుంది.