ఫ్యాన్ డేటాబేస్ సైట్‌లో వీడియో: హెచ్‌ఎల్‌ఎస్ కావాలా, ఎంపీ4 చాలా?

మీరు అడిగింది నాకు అర్థమైనంతలో ఇది. రెండు వేల ఎంట్రీలున్న హాబీ డేటాబేస్, షేర్డ్ హోస్టింగ్ (ఒకే సర్వర్‌ని చాలా సైట్లు పంచుకునేది), పీహెచ్‌పీ (సర్వర్‌లో పేజీలు తయారుచేసే భాష). ప్రతి ఎంట్రీ పేజీలోనే రెండు మూడు నిమిషాల క్లిప్ ప్లే అవ్వాలి. దానికి హెచ్‌ఎల్‌ఎస్ (వీడియోని చిన్న ముక్కలుగా పంపే పద్ధతి) పెట్టుకోవాలా, మామూలు ఎంపీ4 (ఒకే వీడియో ఫైలు) సరిపోతుందా? క్లిప్ మధ్యలో ఫలానా సీన్ నుంచి మొదలయ్యేలా చెయ్యొచ్చా?

ఎంపీ4 చాలు. హెచ్‌ఎల్‌ఎస్ జోలికి ఇప్పుడే వెళ్లకండి. నేను పాత వీడియో గేముల డేటాబేస్ ఒకటి ఒంటిచేత్తో నడుపుతున్నాను. ఇదే పని ఒకసారి తప్పుగా చేసి, అంతా పీకేసి మళ్లీ చేసినవాణ్ణి. ప్లేయర్ పెట్టడానికి నాకు పట్టింది ఒక్క సాయంత్రం. నా సెలవురోజులన్నీ మింగేసినవి వేరే రెండు: చచ్చిపోయే లింకులు, సర్వర్ ఫైలుని పంపే తీరు.

ముందు లింకుల గురించి. గేముల టేబుల్లో వీడియో లింక్ అని ఒక కాలమ్ తగిలించి పనైపోయిందనుకున్నాను. నెల తిరక్కుండానే ఒక గేముకి రెండు ట్రైలర్లు దొరికాయి. ఇంకోచోట ఒకే క్లిప్ మూడు ఎడిషన్లకీ సరిపోయింది, అదే లింకు మూడుచోట్ల అతికించాను. ఆ తర్వాత ఒక యూట్యూబ్ ఛానెల్ మూతపడింది. ఒక్క రాత్రిలో నలభైకి పైగా పేజీల్లో నల్లడబ్బాలు. నాకు తెలిసింది పదిరోజుల తర్వాత, అదీ ఒక సభ్యుడు చెబితే.

అందుకని వీడియోలకు వేరే టేబుల్ పెట్టండి. వీడియో ఏ రకం, ఎక్కడుంది, అక్కడి ఐడీ ఏంటి, నిడివి ఎంత, ఎన్నో సెకను నుంచి మొదలవ్వాలి, చివరిసారి ఎప్పుడు చూశాం, ఇప్పుడు పనిచేస్తోందా, ఇవి కాలమ్స్. ఎంట్రీకీ వీడియోకీ మధ్య లంకె కోసం ఇంకో చిన్న టేబుల్. మొత్తం లింకు దాచొద్దు, యూట్యూబ్ అయితే ఆ 11 అక్షరాల ఐడీ ఒక్కటే దాచండి. ఎంబెడ్ అడ్రసుని (మన పేజీలో వాళ్ల ప్లేయర్‌ని చూపించేది) పేజీ చూపించేటప్పుడు తయారుచేసుకోవచ్చు. నేను రాత్రిపూట ఒక క్రాన్ జాబ్‌తో (చెప్పిన టైముకి తనంతట తనే నడిచే పని) యూట్యూబ్ ఓఎంబెడ్ అడ్రసుకి (వీడియో వివరాలు చెప్పేది) ఒక్కో ఐడీ పంపించి చూస్తాను. 200 (సర్వర్ 'సరే' అనే కోడు) వస్తే బతికున్నట్టు. రాకపోతే వెంటనే తీసెయ్యను, ఎందుకంటే నెట్ ఊరికే తుమ్మినా ఫెయిల్ అంటుంది. వరసగా మూడు రాత్రులు రాకపోతేనే దాన్ని దాచేసి నా జాబితాలోకి తోస్తుంది.

ఇక సొంతంగా పెట్టుకునే ఫైళ్లు. నేను రికార్డు చేసిన క్లిప్పులు నా సర్వర్‌లోనే ఉన్నాయి. ఎవరూ నేరుగా డౌన్‌లోడ్ చెయ్యకూడదని ఒక పీహెచ్‌పీ స్క్రిప్టులో రీడ్‌ఫైల్ (ఫైలుని చదివి పంపే ఫంక్షన్) పెట్టి, దాని వెనక నుంచి పంపించాను. నా కంప్యూటర్లో నొక్కగానే ప్లే అయింది. సంబరపడి స్నేహితుడికి చూపిస్తే, వాడి ఆండ్రాయిడ్ ఫోన్లో గుండ్రంగా తిరుగుతూనే ఉంది. నిమిషం దాటాక మొదలైంది. ఇంకొకరి ఐఫోన్లో అసలు మొదలవ్వనే లేదు.

బ్రౌజర్ నెట్‌వర్క్ ట్యాబ్ తెరిచి చూశాక విషయం బోధపడింది, తప్పులు రెండు. ఎంపీ4 ఫైల్లో మూవ్ అనే భాగం ఉంటుంది, పుస్తకానికి విషయసూచిక లాంటిది. ఏ ఫ్రేము ఎక్కడుందో అది చదివితే తప్ప ప్లేయర్‌కి తెలియదు. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్లు చాలావరకు దాన్ని ఫైలు చివర రాస్తాయి, ఎందుకంటే రికార్డింగ్ ముగిస్తేనే కదా లెక్క తేలేది. సూచిక చివర ఉన్నా బ్రౌజర్ "చివరి ముక్క ముందు పంపు" అని రేంజ్ రిక్వెస్టుతో అడగగలదు. కానీ నా రీడ్‌ఫైల్‌కి ఆ మాట వినపడదు. ఏది అడిగినా ఫైలంతా మొదటి నుంచి 200తో కుమ్మరిస్తుంది. అంటే ఫైలు మొత్తం దిగితేనే మొదటి బొమ్మ. నా కంప్యూటర్లో సర్వర్ పక్కనే ఉంది కాబట్టి ఆ సంగతి కనపడలేదు. సఫారీ ఇంకా నిక్కచ్చి మనిషి: ముందు రెండు బైట్లు మాత్రం అడుగుతుంది, 206 (అడిగిన ముక్క మాత్రమే ఇస్తున్నా అనే కోడు) రాకపోతే ఆ సర్వర్‌ని నమ్మదు.

మందు కూడా రెండే. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే వీడియో మార్పిడి టూల్లో మూవ్‌ఫ్లాగ్స్ దగ్గర ఫాస్ట్‌స్టార్ట్ పెట్టి, కోడెక్‌కి కాపీ అని చెబితే సూచిక ముందుకొస్తుంది. మళ్లీ ఎన్‌కోడ్ చెయ్యదు కాబట్టి క్వాలిటీ పోదు, చిన్న క్లిప్పు క్షణాల్లో అయిపోతుంది. రెండోది, ఫైలుని పీహెచ్‌పీ చేత మోయించకండి. అపాచీ, ఇంజిన్ఎక్స్ అనే వెబ్ సర్వర్లు రెండూ మామూలు ఫైళ్లకు రేంజ్ రిక్వెస్టులు వాటంతట అవే చూసుకుంటాయి. అనుమతి చూసి పంపాలనుకుంటే, ఇంజిన్ఎక్స్‌లో ఎక్స్-యాక్సెల్-రీడైరెక్ట్ హెడర్ ఉంది: పీహెచ్‌పీ సరేనంటుంది, మోసేది సర్వర్.

ఎన్‌కోడ్ చేసేటప్పుడు బొమ్మకి హెచ్.264, ధ్వనికి ఏఏసీ, పిక్సెల్ ఫార్మాట్ (రంగుల్ని దాచే తీరు) వైయూవీ420పీ. నా రికార్డర్ 4:4:4 అనే వేరే పిక్సెల్ ఫార్మాట్లో రాసిన కొన్ని ఫైళ్లు నా దగ్గర వీఎల్‌సీలో నిక్షేపంగా ప్లే అయ్యాయి, బ్రౌజర్లో గొంతు తప్ప బొమ్మ లేదు. ఫైలు పాడైందనుకుని రెండుసార్లు మళ్లీ రికార్డు చేశాను కూడా!

బ్యాండ్‌విడ్త్ లెక్క ముందే కట్టుకోండి. సెకనుకి 2 మెగాబిట్ల చొప్పున మూడు నిమిషాల క్లిప్ అంటే 360 మెగాబిట్లు, అంటే 45 ఎంబీ. రోజుకి వందమంది పూర్తిగా చూస్తే 4.5 జీబీ, నెలకి 135. మీ ప్లాన్ ఎంత ఇస్తుందో దాని పక్కన పెట్టి చూసుకోండి. అన్‌లిమిటెడ్ అని రాసి ఉంటే, వినియోగ షరతుల్లో వీడియో గురించి ఏమన్నారో కూడా చదవండి. నాకు అలాంటి మెయిలొకటి వచ్చాక బుద్ధొచ్చింది. వీడియో ట్యాగులో ప్రీలోడ్ నన్ అని పెడితే, ఊరికే పేజీ చూసిపోయేవాళ్ల వల్ల ఖర్చవదు. జాబితా పేజీలో పన్నెండు యూట్యూబ్ ఐఫ్రేములు (పేజీలో పొదిగిన ప్లేయర్లు) వరసగా పెట్టొద్దు, పేజీ ఎద్దుబండి అయిపోతుంది. బొమ్మా, మీద ప్లే గుర్తూ చూపించి, నొక్కినప్పుడు మాత్రమే ఐఫ్రేము దించండి.

హెచ్‌ఎల్‌ఎస్ ఎందుకు వద్దంటున్నానంటే, అది యాపిల్ 2009లో తెచ్చిన మంచి పద్ధతే. వీడియోని చిన్న ముక్కలు చేసి, చూసేవాళ్ల నెట్ వేగాన్ని బట్టి క్వాలిటీ మారుస్తూ పంపుతుంది. కానీ ఆరేసి సెకన్ల ముక్కలనుకుంటే మూడు నిమిషాలకి 30, మూడు క్వాలిటీలకి 90. మీ దగ్గర ఆరు వందల క్లిప్పులుంటే 54,000 చిల్లర ఫైళ్లు. షేర్డ్ హోస్టింగ్‌లో జాగా కంటే ముందు ఫైళ్ల సంఖ్య పరిమితే తగులుతుంది. నలభై నిమిషాల వీడియోలు పెట్టేరోజు వస్తే అప్పుడు హెచ్‌ఎల్‌ఎస్ డాట్ జేఎస్ (బ్రౌజర్లో హెచ్‌ఎల్‌ఎస్ ప్లే చేసే లైబ్రరీ) పట్టుకోండి. టేబుల్ వేరుగా ఉంటుంది కాబట్టి ఆ వరసల్లో 'రకం' మార్చడమే పని.

హక్కుల సంగతి మీరు అడగలేదు గానీ చెప్పక తప్పదు. కింద "క్రెడిట్ ఫలానా వారికి" అని రాసినంత మాత్రాన అనుమతి వచ్చినట్టు కాదు. మనం రికార్డు చేసిన గేమ్‌ప్లేలో కూడా బొమ్మలూ సంగీతమూ మనవి కావు. అధికారిక ఛానెల్లో ఉన్నదైతే నేను ఎంబెడ్ మాత్రమే చేస్తాను, కాపీ దించి పెట్టుకోను. సొంత క్లిప్పులు నిమిషంలోపే ఉంచుతాను, అదీ నేను పెట్టుకున్న కట్టుబాటే తప్ప చట్టం ఇచ్చిన భరోసా కాదు. ఒకసారి తీసెయ్యమని హక్కుదారు నుంచి మెయిలొస్తే, ఆ వరసలో స్టేటస్ మార్చి రెండు నిమిషాల్లో దాచేశాను. పాత పద్ధతిలోనైతే మూడు పేజీలు వెతుక్కోవాల్సొచ్చేది.

మధ్య నుంచి మొదలుపెట్టడం తేలిక. యూట్యూబ్ ఎంబెడ్ అడ్రసుకి స్టార్ట్ అని సెకన్లు ఇవ్వండి. సొంత ఎంపీ4కి అడ్రసు చివర హ్యాష్, టీ, ఈక్వల్ గుర్తు పెట్టి 83 అంటే 83వ సెకను. యూట్యూబ్ దగ్గర్లోని కీఫ్రేము (పూర్తి బొమ్మ ఉన్న ఫ్రేము) వెతుక్కుంటుంది కాబట్టి ఒకటి రెండు సెకన్లు అటూ ఇటూ కావచ్చు. సొంత ఫైళ్లలో ఆ సెకనుకి చప్పున దూకాలంటే ఎన్‌కోడ్ చేసేటప్పుడే రెండు సెకన్లకొక కీఫ్రేము పెట్టించండి, ఫైలు కాస్త పెరుగుతుందంతే.