క్లాత్ డైపర్లలో ఏ రకం కొనాలి? ముందు బట్టలు ఆరవేసే తాడును చూసుకోండి

మూడో నెల బాబు, మూడో అంతస్తులో ఫ్లాటు, వాషింగ్ మెషీన్ ఉన్నా బాల్కనీలోకి ఎండ సరిగా రాదు. ఫ్లాట్, ప్రీఫోల్డ్, ఫిటెడ్, పాకెట్, ఆల్ ఇన్ వన్, ఆల్ ఇన్ టూ అని ఇన్ని పేర్లు కనిపిస్తుంటే వీటికి తేడా ఏమిటో, ఏది కొనాలో తెలియడం లేదని మీరు రాశారు. నేను ఇద్దరు పిల్లలను గుడ్డ డైపర్లతోనే పెంచాను. కొన్నాళ్లు కాకినాడలో మా పుట్టింట్లో, ఆ తరువాత హైదరాబాదులో మీ ఇంటిలాంటి ఫ్లాటులో గడిచింది కనుక, చేసిన పొరపాట్లతో సహా చెబుతాను.

పేర్లు ఎన్ని ఉన్నా ఏ డైపర్‌లోనైనా ఉండేవి రెండే: తడిని పీల్చుకునే గుడ్డ, ఆ తడిని బయటికి రానివ్వని పొర. ఆ రెండూ విడివిడిగా ఉన్నాయా, ఒకటి సంచిలా ఉండి రెండోది అందులోకి దూరుతుందా, టిచ్ బటన్లతో తగిలించారా, కలిపి కుట్టేశారా అన్నదాన్ని బట్టే పేరు మారుతుంది. విడిగా ఉన్నవి తొడగడానికి కాస్త ఓపిక కావాలి కానీ త్వరగా ఆరతాయి. కలిపి కుట్టినవి తొడగడం క్షణంలో పని, ఆరడం మాత్రం ఒక పూటలో తేలదు. అందుకే బిడ్డ బరువు కంటే ముందు మీ ఇంట్లో బట్టలు ఎంతసేపట్లో ఆరతాయో చూసుకోమంటాను.

పాత నూలు పంచెనో చీరనో చింపి మన ఇళ్లలో కట్టే గోచీ ఫ్లాట్ రకానికే చెందుతుంది. అంగట్లో అమ్మే ఫ్లాట్ కూడా సుమారు ముప్పావు గజం చదరంలో ఉండే ఒంటి పొర నూలు గుడ్డే. ఒంటి పొర కనుక వాన రోజున కూడా ఫ్యాను కింద ఆరిపోతుంది. పెద్దవాడు పుట్టిన మొదటి నెల మా అమ్మ పక్క మీద రబ్బరు షీటు పరిచి వీటితోనే నడిపింది. రోజుకు ఇరవైకి తక్కువ కాకుండా మార్చేవాళ్లం. దీనినే కుట్టి సిద్ధంగా ఇస్తే అది ప్రీఫోల్డ్: అంచుల్లో నాలుగు పొరలు, నడుమ ఎనిమిది పొరలు ఉన్నవి ఎక్కువగా దొరుకుతాయి. దానిని మూడు మడతలు వేసి, తడి బయటికి రాకుండా పైన తొడిగే కవరులో పరిచినా చాలు, నడుముకు చుట్టి స్నాపీ అనే పళ్ల రబ్బరు పట్టీతో బిగించినా సరే. పిన్నీసు గుచ్చుకుంటుందన్న భయం ఉండదు. ఫిటెడ్ అంటే నడుముకూ తొడలకూ ఎలాస్టిక్, బటన్లు పెట్టి డైపర్ ఆకారంలోనే కుట్టిన నూలు గుడ్డ. రాత్రికి బాగా ఆగుతుంది కానీ దాని మీద కూడా కవరు వేయవలసిందే.

ఈ కవర్లలో ఎక్కువ వాటిని పీయూఎల్ అనే బట్టతో కుడతారు. పాలియెస్టర్ అల్లిక బట్ట లోపలివైపు పాలీయురెథేన్ పలుచని పొరను అతికిస్తే వచ్చేదే పీయూఎల్. పొత్తిగుడ్డలను ఉడకబెట్టడం మా అమ్మకు అలవాటు కనుక మొదటి రెండు కవర్లను కూడా మరిగే నీళ్లలో వేసింది. లోపలి పొర బుడగలు లేచి ఊడివచ్చి, రెండూ జల్లెడలే అయ్యాయి. అరవై డిగ్రీలు దాటని నీళ్లు వాటికి చాలు, ఎలాస్టిక్‌కు కూడా అదే మేలు. కవరులో మలం అంటకపోతే లోపల తుడిచి, ఆరనిచ్చి, గుడ్డ మాత్రం మార్చి మళ్లీ వాడవచ్చు. అందువల్ల ఇరవై ప్రీఫోల్డులకు ఐదారు కవర్లతో మా పని జరిగిపోయింది.

పాకెట్ డైపర్ రెండు పొరల సంచి. బయట పీయూఎల్, లోపల బిడ్డకు తగిలేవైపు తడిని కిందికి దింపి తాను పొడిగా ఉండే స్యూడ్ బట్టో ఫ్లీసో ఉంటుంది; మధ్యలోకి ప్యాడ్ దూర్చాలి. ఉతికేటప్పుడు ప్యాడ్ బయటికి తీస్తాం కనుక సంచి రెండు మూడు గంటల్లో ఆరుతుంది. దీనితోపాటు తరచు మైక్రోఫైబర్ అనే సన్నని కృత్రిమ పోగుల ప్యాడ్ ఇస్తారు. అది తడిని చటుక్కున పీలుస్తుంది, కానీ ఒత్తిడి పడితే స్పాంజిలా వదిలేస్తుంది. పైగా దానిని చర్మానికి నేరుగా తగలనివ్వకూడదు, చర్మంలోని తేమను కూడా లాగి ఎర్రబరుస్తుంది. రాత్రిళ్లు నేను పైన మైక్రోఫైబర్, దాని కింద నిదానంగా పీల్చినా గట్టిగా పట్టి ఉంచే హెంప్ అనే మొక్క నార ప్యాడ్ పెట్టేదాన్ని. తెల్లవారేదాకా పక్క తడిసేది కాదు.

ఆల్ ఇన్ వన్ అంటే అన్నీ కలిపి కుట్టేసినది. పని హడావిడిలో ఉన్నవారికి చూడగానే నచ్చుతుంది, నాకూ అలాగే నచ్చి ఎనిమిది ఒకేసారి కొన్నాను. అది శ్రావణమాసం. మొదటి రోజు ఉతికినవి మూడో రోజుకు కూడా నడుమ కుట్ల దగ్గర చెమ్మగానే ఉండి, ముక్కిన వాసన వచ్చాయి. ఇస్త్రీ పెట్టెతో ఆరబెట్టబోయి ఒకదాన్ని కాల్చుకున్నాను కూడా. వేసవిలో అవే డైపర్లు బాగా పనికివచ్చాయి కనుక తప్పు వాటిది కాదు. ఆల్ ఇన్ టూలో ప్యాడ్ బటన్లతో ఊడివస్తుంది కనుక ఈ చిక్కు తక్కువ, ధర ఎక్కువ. కొందరు అమ్మకందారులు ఈ రెండు పేర్లనూ కలగాపులగం చేస్తారు. పేరు పక్కనపెట్టి, ప్యాడ్ ఊడివస్తుందా అని అడగండి.

కారడం గురించి రెండు మాటలు చెప్పాలి, ఎందుకంటే చాలామంది అక్కడే విసిగి మానేస్తారు. తొడ దగ్గరి ఎలాస్టిక్ కాలి మీదికి జారకుండా గజ్జల మడతలో ఇమిడి ఉండాలి. లోపలి గుడ్డ అంచు ఒక్క దారం మందం బయటికి కనిపించినా తడి అక్కడి నుంచి చొక్కాకు పాకుతుంది. నాకు ఇంతకంటే వింతైన సమస్య ఎదురైంది. రెండో నెలలో ఉన్నట్టుండి పాకెట్ డైపర్లన్నీ కారసాగాయి. స్యూడ్ మీద చుక్క నీళ్లు పోసి చూస్తే తామరాకు మీద నీటిబొట్టులా దొర్లిపోయింది! రోజూ మర్దన చేసిన కొబ్బరినూనె ఒళ్లు తుడవకముందే డైపర్ తొడగడం వల్ల బట్టకు జిడ్డు పట్టిందని అప్పుడు అర్థమైంది. గిన్నెలు తోమే ద్రావణంతో రుద్ది, గోరువెచ్చని నీళ్లలో నురుగు పోయేదాకా జాడిస్తే మళ్లీ పీల్చుకున్నాయి. బట్టలు మెత్తబడేందుకు కలిపే కండిషనర్ కూడా ఇలాగే పీల్చే గుణాన్ని చెడగొడుతుంది కనుక దానిని వీటికి వాడకండి.

మీ పరిస్థితికి ఆల్ ఇన్ వన్ జోలికి వెళ్లవద్దని నా సలహా. పగటికి నాలుగు కవర్లు, ఒకటిన్నర డజను ప్రీఫోల్డులు, రాత్రికీ ప్రయాణానికీ మూడు పాకెట్లు తీసుకుంటే రోజు విడిచి రోజు ఉతుక్కుంటూ నడపవచ్చు. చంటివాడి తొడల తీరును బట్టి ఒక కంపెనీ కోత నప్పుతుంది, ఇంకొకటి నప్పదు. అందుకని మొదట ఒక్కొక్కటే తెప్పించి వారం రోజులు తొడిగి చూడండి. కొత్త నూలు ప్రీఫోల్డులను మాత్రం ఐదారుసార్లు ఉతికి ఆరబెట్టేదాకా పూర్తిగా పీల్చవు, కాబట్టి తెచ్చిన రోజే తొడిగి కారుతున్నాయని తిరిగి పంపేయకండి.