మీ బరువెంత? ముందది చెప్పండి

వింగ్ ఫాయిలింగ్ సామాను గురించి పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

కాళ్ల కింద బోర్డు, బోర్డు అడుగున నీళ్లలోకి దిగిన ఫాయిల్, చేతుల్లో గాలి నింపిన వింగ్. గాలి పుంజుకోగానే బోర్డు నీటిని వదిలి పైకి లేస్తుంది, ఫాయిల్ ఒక్కటే నీళ్లలో ఉంటుంది. ఆట ఇంతే. దానికి కావలసిన సామాను గురించే ఈసారి ఎక్కువ ఉత్తరాలొచ్చాయి. తికమక లేకుండా చేతిలో పట్టుకునేదాన్ని వింగ్ అని, నీళ్లలో ఉండేవాటిని ముందు రెక్క, వెనక రెక్క అని రాస్తున్నాం. ఆ రెండు రెక్కల్నీ కలిపే అడ్డకడ్డీ ఫ్యూజలేజ్, దాన్ని బోర్డుకు కలిపే నిలువు స్తంభం మాస్ట్. ఈ నాలుగూ కలిపితే ఫాయిల్.

ప్రశ్న: నా బరువు 78 కిలోలు. ఈత బాగా వచ్చు, ఈ ఆట మాత్రం పూర్తిగా కొత్త. ఒక్క సెట్టుకే డబ్బుంది. 85 లీటర్ల బోర్డు ఒకటి మంచి తగ్గింపులో కనిపించింది. తీసుకోవచ్చా? (బ్రాడీపేట, గుంటూరు)

జవాబు: వద్దండి. ఒక్కసారి లెక్క చూడండి. మీరు 78, బోర్డు ఓ 8, ఫాయిల్ 5, వింగ్ 3 కిలోలు. తడిసిన జాకెట్టు, బట్టలు కలిపితే మొత్తం 95 కిలోల పైమాటే. మంచినీటిలో ఒక లీటరు బోర్డు మోసేది ఒక కిలో. అంటే మీరు ఎక్కగానే 85 లీటర్ల బోర్డు నీళ్లలోకి దిగిపోతుంది. ఆట వచ్చినవాళ్లు అలా మునిగిన బోర్డు మీద మోకాళ్లతో నిలదొక్కుకుని, వింగ్ లాగగానే లేస్తారు. కొత్తవాళ్లకు అదే పెద్ద గండం. పదిసార్లు పడి లేచేసరికి చేతులు లాగేస్తాయి, అసలు నేర్చుకోవలసింది మొదలే కాదు.

మొదటి బోర్డుకు మీ బరువు మీద 30 నుంచి 40 కలుపుకోండి. మీకైతే 108 నుంచి 118 లీటర్లు. వెడల్పు 70 సెంటీమీటర్లకు తగ్గకూడదు, 75 ఉంటే నిలబడటం ఇంకా తేలిక. సముద్రపు నీరు మంచినీటి కంటే రెండున్నర శాతం దాకా ఎక్కువ బరువు మోస్తుంది. కాబట్టి విదేశీ వీడియోల్లో సముద్రంలో ఆడేవాళ్లు చెప్పే అంకెకు కృష్ణలో ఆడేవాళ్లు రెండు మూడు లీటర్లు కలుపుకోవడం మంచిది.

గట్టి బోర్డా, గాలి నింపేదా అన్నది మీ ఇంటిని బట్టి ఉంటుంది. అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో ఆరడుగుల బోర్డు పెట్టుకోవడం కష్టం. పైగా బయటి దేశం నుంచి తెప్పిస్తే విమాన రవాణావాళ్లు తూకం ఒక్కటే చూడరు, పెట్టె ఎంత చోటు తింటుందో కూడా లెక్కగడతారు. గాలి తీసి చుట్టేసే బోర్డు అక్కడ చాలా ఆదా. దాని లోపం ఏంటంటే మాస్ట్ బిగించే చోట అడుగు కాస్త ఊగుతుంది, మీ కాలి కదలిక ఫాయిల్‌కు ఆలస్యంగా అందుతుంది. కొనేముందు ఆ చోట గట్టి పలక ఉందో లేదో చూడండి. పెట్టుకోవడానికి చోటు ఉంటే మా ఓటు గట్టి బోర్డుకే, అది పాతదైనా సరే.

ఫాయిల్ విషయంలో చాలామంది చూసేది మాస్ట్ కార్బనా, అల్యూమినియమా అన్నది. ముందు చూడవలసింది ముందు రెక్క వైశాల్యం. మీ బరువుకు 1700 నుంచి 2000 చదరపు సెంటీమీటర్లు కావాలి. రెక్క పైకి ఎత్తే బలం దాని వైశాల్యాన్ని బట్టి, వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది. 1800 రెక్క లేచే వేగానికి 900 రెక్క లేవదు, దానికి 41 శాతం ఎక్కువ వేగం కావాలి. కొత్తవాళ్లకు అందనిది సరిగ్గా ఆ వేగమే. ఇంకొక అంకె చూడండి: రెక్క పొడవును దానితోనే గుణించి వైశాల్యంతో భాగిస్తే వచ్చేది. 95 సెంటీమీటర్ల పొడవు, 1800 వైశాల్యం ఉంటే అయిదు వస్తుంది. అయిదు నుంచి ఏడు మధ్య ఉన్నవి నిదానంగా లేస్తాయి, తప్పు చేసినా సర్దుకుంటాయి. పది దాటిన సన్నటి పొడుగు రెక్కలు అమ్మేవాడి ఫొటోల్లో బాగుంటాయి, మీకు మాత్రం ఇప్పుడే వద్దు. మాస్ట్ 75 సెంటీమీటర్ల అల్యూమినియం చాలు. ఒక కంపెనీ ముందు రెక్క ఇంకో కంపెనీ ఫ్యూజలేజ్‌కు సాధారణంగా పట్టదు. అందుకని రేపు చిన్న రెక్క కూడా అదే కంపెనీలో దొరుకుతుందో లేదో ఇప్పుడే చూసుకోండి.

వింగ్ ఒక్కటే కొనేటట్లయితే 5.5 లేదా 6 చదరపు మీటర్లది తీసుకోండి. గాలి 12 నుంచి 16 నాట్స్, అంటే గంటకు 22 నుంచి 30 కిలోమీటర్లు ఉన్నప్పుడు మీకు 6 సరిపోతుంది. 16 నుంచి 22 నాట్స్‌కు 5 చాలు, ఆపైన 4. పన్నెండు నాట్స్ కన్నా తక్కువ గాలిలో కొత్తవాళ్లు లేవరు, దానికి సామాను కారణం కాదు. హెల్మెట్, ఇంపాక్ట్ జాకెట్, నీళ్లలో వేసుకునే బూట్లు, రెండు లీష్‌లు (బోర్డు, వింగ్ మీ నుంచి దూరం పోకుండా కట్టుకునే తాళ్లు) బడ్జెట్‌లో ముందే పక్కన పెట్టండి. ఇంపాక్ట్ జాకెట్ దెబ్బ ఆపుతుంది, లైఫ్ జాకెట్‌లాగా మిమ్మల్ని తేల్చదు. 50 న్యూటన్ల తేలే బలం ఉన్నవి కూడా ఈత వచ్చినవాళ్లకే. ఈత మీద నమ్మకం లేకపోతే ముందు ఈత నేర్చుకోండి.

ప్రశ్న: పున్నమి ఘాట్ దగ్గర ఆడితే ఏ ఫాయిల్ కావాలి? లేక సూర్యలంకకే వెళ్లాలా? (భవానీపురం, విజయవాడ)

జవాబు: ఘాట్ దగ్గర ఫాయిల్ కన్నా ముందు చూడవలసింది లోతు, గుర్రపుడెక్క, పడమటి గాలి. 75 సెంటీమీటర్ల మాస్ట్ కింద ఫ్యూజలేజ్, రెక్కలు కలిపితే బోర్డు అడుగు నుంచి మరో పది సెంటీమీటర్ల దాకా వేలాడుతుంది. మీరు బోర్డు మీద కూర్చుంటే ఆ బరువుకు అది ఇంకొంచెం దిగుతుంది. కనీసం నడుము దాటి, ఛాతీ దగ్గరకు లోతు ఉండాలి. నదిలో ఇసుక మేటలు ఏటా చోటు మారతాయి. వేగంలో ఉండగా రెక్క మేటకు తగిలితే బోర్డు అక్కడే ఆగుతుంది, మీరు ముందుకు ఎగిరిపోతారు. కొత్త చోట ముందు కర్ర పట్టుకుని నడిచి చూడండి, ఆ తర్వాతే ఫాయిల్ దించండి.

గుర్రపుడెక్క ఒక్క వేరు ముందు రెక్క అంచుకు చుట్టుకున్నా బోర్డు పైకి లేవదు. తోక బరువెక్కినట్లుంటుంది, మీరేమో వింగ్ చిన్నదని అనుకుంటారు. బోర్డు పక్కకు తిప్పి రెక్క చేత్తో తుడిచి చూడటం అలవాటు చేసుకోండి. చేపల వలలు కూడా ఉంటాయి, జాలరులను అడిగితే ఎక్కడ వేశారో చెబుతారు.

గాలి సంగతి ఇంకా ముఖ్యం. ఇబ్రహీంపట్నం వైపు నుంచి బ్యారేజీకి నది ఆగ్నేయంగా పారుతుంది. వేసవిలో, వానాకాలంలో వీచే పడమటి గాలి కూడా మిమ్మల్ని అటే తోస్తుంది. గాలి తగ్గి వింగ్ కిందపడితే ప్రవాహం కూడా బ్యారేజీ వైపే లాగుతుంది. 2024 సెప్టెంబరు వరదలో కొట్టుకొచ్చిన పడవలు ప్రకాశం బ్యారేజీ గేట్ల దగ్గర ఢీకొట్టిన సంగతి విజయవాడ వాళ్లకు చెప్పనక్కర్లేదు. గేట్లు ఎత్తిన రోజుల్లో దిగడం అనే ప్రశ్నే వద్దు. మిగతా రోజుల్లో కూడా బ్యారేజీకి దూరంగా, ఎగువన, పడవ ఒకటి తోడుంటేనే దిగండి. అధికారుల అనుమతి అడగకుండా దిగవద్దు. ఇంద్రకీలాద్రి, సీతానగరం కొండల చాటున గాలి తెగి తెగి వస్తుంది. అక్కడ వింగ్ సైజు పెంచినా లాభం లేదు, చోటు మార్చుకోవాలి.

పారే నీళ్లలో లీష్ కాలికి కట్టుకోకండి. చెట్టు మోడుకో, తాడుకో చిక్కుకుంటే చేయి పాదం దాకా అందదు. నడుముకు బెల్టు, ఒక్క లాగుతో విడిపోయే లీష్ ఉండాలి.

సూర్యలంక గుంటూరు నుంచి దాదాపు 60 కిలోమీటర్లు. తీరం ఆగ్నేయానికి ఎదురుగా ఉంటుంది. వేసవి మధ్యాహ్నం సముద్రం మీంచి వచ్చే గాలి మిమ్మల్ని ఒడ్డుకే తెస్తుంది, అది నేర్చుకునేవాళ్లకు మంచిది. పడమర, వాయవ్య గాలి అయితే లోపలికి తీసుకుపోతుంది. ఆ రోజు ఎంత బాగా వీస్తున్నా సామాను విప్పకండి. మొదటి పాఠాలు గురువు దగ్గర నేర్చుకోవాలనుకుంటే రామేశ్వరం వైపు, గోవాలో కైట్ సర్ఫింగ్ నేర్పే చోట్ల వాకబు చేయండి.

ప్రశ్న: పాత ఫాయిల్ సెట్టు కొన్నాను. బోర్డు లేవగానే ముక్కు ఎగిరి, రెక్క బయటికొచ్చి పడిపోతున్నాను. మాస్ట్ స్క్రూల దగ్గర తెల్లపొడి ఉంది, ఒక స్క్రూ కదలడం లేదు. (పటమట, విజయవాడ)

జవాబు: ఇవి రెండు వేర్వేరు సమస్యలు. ముక్కు ఎగరడానికి కారణం ఎత్తే బలం మీ పాదాలకు ముందు ఉండటం. బోర్డు అడుగున 90 మిల్లీమీటర్ల దూరంలో రెండు పట్టాలుంటాయి. నాలుగు స్క్రూలు కాస్త వదులు చేసి మాస్ట్‌ను ఒక సెంటీమీటరు వెనక్కి జరపండి, బిగించి ఆడి చూడండి. ఇంకా ఎగిరితే మరో సెంటీమీటరు. అసలు లేవకపోతే అదే లెక్కన ముందుకు. ఒక్కసారే మూడు నాలుగు సెంటీమీటర్లు జరిపితే ఏది పనిచేసిందో తెలియదు. జరిపిన ప్రతిసారీ పట్టా పక్కన పెన్సిల్‌తో గీత పెట్టుకోండి.

ముక్కు ఎగరడానికి బదులు నీళ్లలోకి గుచ్చుకుంటుంటే వెనక రెక్క తలకిందులుగా బిగించారేమో చూడండి. చాలా ఫాయిల్స్‌లో అది తోకను కిందికి నొక్కేలా చేసి ఉంటుంది. తిరగేస్తే తోకను లేపేస్తుంది. పాత సెట్లలో ఇది కొత్తేమీ కాదు.

తెల్లపొడి అల్యూమినియం తుప్పు. స్టెయిన్‌లెస్ స్క్రూ, అల్యూమినియం మాస్ట్, మధ్యలో ఉప్పునీరు చేరితే బ్యాటరీలా కరెంటు పుట్టి అల్యూమినియాన్ని తినేస్తుంది. పట్టేసిన స్క్రూకు తుప్పు వదిలించే నూనె పోసి రాత్రంతా ఉంచండి. పొద్దున ఆ చోట వేడినీళ్లు పోసి, సరైన సైజు కీ పెట్టి సుత్తితో చిన్నగా కొట్టి కూర్చోబెట్టి, అప్పుడు తిప్పండి. అరిగిన కీతో తిప్పితే స్క్రూ తల గుండ్రంగా అయిపోతుంది. ఆపైన డ్రిల్లింగే, పట్టా పోవచ్చు.

బదులు స్క్రూల కోసం ఆటోనగర్ వెళితే 316 గ్రేడ్ స్టెయిన్‌లెస్ ఎం8 (8 మిల్లీమీటర్ల మందం) అని అడిగి తీసుకోండి. 304 నదికి సరే, సముద్రానికి ఆగదు. పొడవు మాత్రం పాత స్క్రూనే ఇచ్చి కొలిపించండి. ఎక్కువైతే పట్టా అడుగును గుచ్చి బోర్డు పగులుతుంది, తక్కువైతే మర పట్టదు. బిగించే ముందు మరకు సముద్ర సామానుకు వాడే తుప్పు నిరోధక గ్రీజు రాయండి. సూర్యలంకలో ఆడిన రోజు ఇంటికి రాగానే అన్నీ విప్పి మంచినీళ్లతో కడగడం తప్పదు.

ప్రశ్న: మా అబ్బాయికి 14 ఏళ్లు, 42 కిలోలు. వాళ్ల నాన్నగారి 6 మీటర్ల వింగ్, 115 లీటర్ల బోర్డు వాడొచ్చా? (అరండల్‌పేట, గుంటూరు)

జవాబు: బోర్డు పర్వాలేదమ్మా, మొదట్లో నిలబడటానికి మంచిదే. వింగ్ వద్దు. 6 మీటర్ల వింగ్ కొసకు కొసకు దాదాపు మూడున్నర మీటర్లుంటుంది. ఆ ఎత్తు పిల్లవాడు చేతులు ఎంత పైకెత్తినా కొస నీళ్లకు తగిలి తిరగబడుతుంది. 3.5 లేదా 4 మీటర్లది చాలు. ముందు రెక్క 1200 నుంచి 1400. పెద్దవాళ్ల రెక్కతో అతి తక్కువ వేగానికే లేచిపోయి, దించడం చేతకాక భయపడతాడు. హెల్మెట్ మాత్రం ఖచ్చితంగా తన తల కొలతదే కొనండి.

ప్రశ్న: వింగ్‌లో గాలి నింపి డాబా మీద ఆరబెట్టాం. మధ్యాహ్నానికల్లా వింగ్ ముందంచు గొట్టం కుట్టు విడిపోయి, లోపలి ట్యూబ్ పగిలింది. సైకిల్ పంక్చర్ వేసే అతను అతికిస్తే నిలవలేదు. (మొగల్రాజపురం, విజయవాడ)

జవాబు: 25 డిగ్రీల దగ్గర 7 పీఎస్ఐ నింపిన వింగ్ ఎండలో 60 డిగ్రీలకు చేరితే లోపల పీడనం తొమ్మిదిన్నర దాకా పోతుంది. మే నెలలో విజయవాడ డాబా మీద ఆ వేడి పెద్ద విషయం కాదు, అద్దాలు మూసిన కారులోనూ అంతే. ఒడ్డున ఆపితే రెండు పీఎస్ఐ వదిలి నీడన పెట్టండి. దీనికి ఉల్టా కూడా జరుగుతుంది. 40 డిగ్రీల ఎండలో 7 నింపి 28 డిగ్రీల నీళ్లలో పడేస్తే 6.2కి దిగి వింగ్ మెత్తబడుతుంది. కాబట్టి ఒకసారి నీళ్లలో తడిపి, మళ్లీ కొలిచి, వింగ్ మీద అచ్చేసిన అంకెకు సరిచేసుకోండి.

సైకిల్ ట్యూబ్ రబ్బరు, మీ వింగ్ లోపలిది టీపీయూ అనే ప్లాస్టిక్. రబ్బరు సొల్యూషన్ దానికి పట్టదు. ట్యూబ్ బయటికి లాగేముందు రెండు కొసలకూ పొడుగు దారం కట్టండి, లేకపోతే తిరిగి గొట్టంలోకి దూర్చడం నరకం. కొద్దిగా గాలి నింపి సబ్బు నురగ రాస్తే బుడగలు వచ్చే చోటు దొరుకుతుంది. దాన్ని ఆల్కహాల్‌తో తుడిచి, ఆరాక టీపీయూ ప్యాచ్ వేయండి. పగులు అరచేయంత ఉంటే కొత్త ట్యూబ్ తెప్పించడమే మేలు. బయటి కుట్టు సీటు కవర్లు కుట్టేవాళ్లు వేయగలరు, కానీ పాత సూది రంధ్రాల్లోంచే, పాలియెస్టర్ దారంతో వేయమనండి. నూలు దారం తడికి కుళ్లిపోతుంది. గాలి నింపి నీడన ఒక రోజంతా వదిలేసి, మర్నాడు కూడా గట్టిగా ఉంటేనే నీళ్లకు తీసుకెళ్లండి.