కాలువ కట్ట రోడ్డుకు పొడవునా రేలింగ్ వేయిస్తే డబ్బుకు తగ్గ ఫలితం ఉంటుందా?

మీరు అడిగింది ఇదీ: దుగ్గిరాల దగ్గర కాలువ కట్ట మీద 2 కిలోమీటర్ల రోడ్డు, ఏడాదిలో మూడు బళ్లు కాలువలో పడ్డాయి, గ్రాంటుకు చందాలు కలిపి ఈ చివర నుంచి ఆ చివరదాకా రేలింగ్ వేయిద్దామంటున్నారు, దండగవుతుందా అని. పొడవునా అయితే చాలావరకు దండగే అంటాను.

తెనాలి, చేబ్రోలు వైపు రోడ్ల పనుల్లో కాంట్రాక్టర్ల దగ్గర సైట్ ఇంజనీరుగా పన్నెండేళ్లు చేశాను. అంతకన్నా పెద్ద అర్హత, 2016లో నేనే పడ్డాను. ఎదురుగా పసుపు బస్తాల ట్రాక్టర్ వస్తుంటే బైకు పక్కకు దించాను. తారు అంచుకూ బెర్ముకూ (రోడ్డు పక్కనుండే మట్టి అంచు) మధ్య బెత్తెడు పల్లం. మళ్లీ ఎక్కిద్దామని హ్యాండిల్ తిప్పితే ముందు టైరు అంచుకు రాసుకుంటూ పోతోందే తప్ప ఎక్కదు. ఇంకాస్త తిప్పాను. ఒక్కసారిగా ఎక్కి, బండి రోడ్డుకు అడ్డంగా ఈడ్చుకుపోయింది. ట్రాక్టర్ అప్పటికే దాటిపోయింది కాబట్టి ఇది రాస్తున్నా. అక్కడ రేలింగ్ ఉన్నా నాకు ఒరిగేదేమీ లేదు. బెర్ము మీద రెండు ట్రక్కుల గ్రావెల్ పోసి ఉంటే అసలు పడేవాణ్ణే కాదు. అమెరికాలో చాలాచోట్ల ఈ బాధ లేకుండా తారు అంచునే 30 డిగ్రీల వాలుగా వేస్తారు.

రేలింగ్‌కు ఇంకో చిక్కుంది. మనం హైవే మీద చూసే ఇనుప రేకు రేలింగ్, బండి తగిలితే వెనక్కి వంగుతూ ఆ దెబ్బను మింగాలి. అలా వంగడానికి వెనక మూడడుగులైనా జాగా కావాలి, స్తంభానికి చుట్టూ గట్టి మట్టి ఉండాలి. కట్ట అంచున పాతితే రెండూ ఉండవు. పైగా జారిపడ్డ బైకు మనిషికి ఆ స్తంభమే గండం. అసలు రోడ్డు తప్పిన బండికి ఆగడానికి ఖాళీ జాగా ఇవ్వడమే మంచి పద్ధతి. 1960ల్లో జనరల్ మోటార్స్ టెస్ట్ ట్రాక్ మీద చూస్తే, రోడ్డు దిగిన బళ్లలో దాదాపు 80 శాతం 30 అడుగుల లోపే ఆగాయట. మన కట్ట మీద ఆరడుగులకే నీళ్లు! అందుకే మలుపు దగ్గర, కాలువ బాగా ఆనుకున్న చోట మాత్రం రేలింగ్ తప్పదు.

ఎక్కడ అన్నది ఎలా తేల్చాలంటే, నడవండి. మేము ఒక రోడ్డు మీద అలా నడిస్తే కల్వర్టు పిట్టగోడకు మూడు రంగుల పెయింటు గీతలు, కింద ఇండికేటర్ ముక్కలు కనిపించాయి. పోలీసు రికార్డులో అక్కడ ఒక్క కేసూ లేదు. దగ్గరి పంక్చర్ షాపు ఆయన్ని అడిగితే అరడజను చెప్పాడు. సర్కారు తుమ్మ పెరిగి మలుపే కనపడటంలేదని అప్పుడు తెలిసింది. జంగిల్ కొట్టించి, పిట్టగోడకు పసుపు నలుపు పట్టీలు వేసి, మలుపు పొడవునా రేడియం అంటించిన చిన్న స్తంభాలు పాతారు. అన్నట్టు, పొలంలోకి ట్రాక్టర్ దింపడానికి బెర్ము తవ్వేసేది కూడా మనమే, ఆ సంగతి గ్రామసభలో ఎవరూ ఎత్తరు.

ఇక లెక్క. మొత్తం ఖర్చు పక్కపక్కన పెట్టి చూడకండి, ఏడాదికి ఎంత పడుతుందో చూడండి. మాటవరసకు రేలింగ్‌కు 60 లక్షలై 15 ఏళ్లు నిలిస్తే ఏడాదికి 4 లక్షలు. గ్రావెల్‌కు 2 లక్షలై రెండు వానాకాలాలకే కొట్టుకుపోతే ఏడాదికి లక్ష. ముప్పై రెట్లనుకున్న తేడా నాలుగు రెట్లకు దిగింది. కాబట్టి చవక పని ఎప్పుడూ గెలుస్తుందని కాదు, రెండేళ్లకోసారి మళ్లీ చేయించే ఓపిక ఉంటేనే గెలుస్తుంది. ఇందులో కిందటేడు మూడు బళ్లు పడ్డాయన్నదాన్నే ఆధారం చేసుకోవద్దు. మామూలుగా ఒకటే పడే చోట ఒక ఏడు మూడు పడితే, మరుసటి ఏడు ఏమీ చేయకపోయినా తగ్గుతుంది, ఆ పేరు రేలింగ్ కొట్టేస్తుంది. కనీసం మూడేళ్లవి రాయండి, కాలువలో పడకుండా తప్పించుకున్నవీ కలపండి.

కట్ట ఇరిగేషన్ వాళ్లది, స్తంభం పాతేముందు వాళ్ల అనుమతి తీసుకోండి. ఎస్టిమేట్‌కు వచ్చే ఇంజనీరుగారిని రాత్రి ఎనిమిదింటికి బైకు మీద ఒకసారి తిప్పండి. ఆ మూడు బళ్లూ ఒకే మలుపు దగ్గర పడ్డాయా, వేర్వేరు చోట్లా? అది కామెంట్‌లో రాస్తే ఇంకొంచెం వివరంగా చెప్తాను.