బుజ్జికి, మారిషస్ ప్రయాణం గురించి

బుజ్జీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. మీ ముగ్గురూ మారిషస్ వెళ్తున్నారట, జనవరి ఆఖరి వారంలో, టికెట్లు కూడా కొనేశారట. వినగానే పొంగిపోయాను. పెళ్ళయి ఏడేళ్ళయినా అన్నవరం దాటి ఎక్కడికీ వెళ్ళని పిల్లవి, నీ జీతం డబ్బుల్తో మొగుణ్ణీ కొడుకునీ సముద్రం దాటిస్తున్నావు. మీ తాతయ్య ఉంటే ఊరంతా తిరిగి చెప్పుకునేవాడు. ఫోన్ పెట్టేశాక మాత్రం నాకు నిద్ర పట్టలేదు. జనవరి అన్న మాట చెవిలోంచి పోలేదు. ఇదంతా ఫోన్‌లో చెప్పలేను, నువ్వు మధ్యలో నవ్వేస్తావు. అందుకే కూర్చుని రాస్తున్నా. ఓపిగ్గా చదువు.

చిన్న చిన్నవి ముందు చెప్పేస్తాను. బాబిగాడి పాస్‌పోర్టు గడువు చూసుకో, పిల్లలవి ఐదేళ్ళకే అయిపోతాయి. మనవాళ్ళకి ముందుగా వీసా అక్కర్లేదు, తిరుగు టికెట్టూ, దిగే హోటల్ కాగితమూ చేతిలో ఉంచుకోండి. మందులు డాక్టరు చీటీతో సహా పెట్టుకోండి. కరివేపాకు, పళ్ళు సర్దకు, మొక్కల సంబంధమైనవి అనుమతి లేకుండా రానివ్వరు. అక్కడి రూపాయి మన రూపాయికి దగ్గర దగ్గర రెండింతలు, ధర చూసి చవకనుకుని కొనెయ్యకు. విమానం దిగేది ఆగ్నేయం మూల, మీరు గ్రాండ్ బే వైపు దిగుతామంటున్నారు కాబట్టి దీవి ఈ చివరి నుంచి ఆ చివరికి వెళ్ళాలి. రాత్రి దిగేటట్టయితే కారు ముందే మాట్లాడుకోండి. అంతే.

ఇక జనవరి సంగతి. మనకి చలికాలమైతే వాళ్ళకి వేసవి. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా వాళ్ళకి తుపాన్ల కాలం, అందులోనూ జనవరి నుంచి మార్చి మరీను. ఆ రోజుల్లో టికెట్ చవగ్గా వచ్చిందంటే ఊరికే రాలేదమ్మా. 2024 జనవరిలో బెలాల్ తుపాను వచ్చినప్పుడు వాళ్ళ రాజధాని పోర్ట్ లూయీ వీధుల్లో కార్లు కొట్టుకుపోవడం టీవీలో చూశాను. విమానాశ్రయం మూసేశారు.

నాకెందుకింత భయమో నీకు సగమే తెలుసు. మీ అమ్మకి ఏమీ గుర్తులేదు, దానికప్పుడు నాలుగేళ్ళు. 1977 నవంబరు 19. నాకు పదకొండేళ్ళు. నాగాయలంక దగ్గర మా పల్లె. వాయుగుండం అన్నారు, ఏటా వచ్చేదేగా అనుకున్నాం. చీకటి పడ్డాక గాలి ఇంటి కప్పు మీద పడింది. నాన్న మీ అమ్మని వీపున కట్టుకుని, నన్ను పంచెతో దూలానికి కట్టేశాడు. నీళ్ళు నడుము దాకా, గుండెల దాకా వచ్చాయి. అప్పటిదాకా అవి వాననీళ్ళే అనుకున్నాను. ఒక కెరటం నోట్లోకి కొట్టింది, ఉప్పగా ఉంది. సముద్రం మా ఇంట్లోకి వచ్చిందని అప్పుడు తెలిసింది. తెల్లారి నాన్న నన్ను విప్పితే, మా వీధి లేదు. నాతో నాలుగో క్లాసు నుంచీ చదివిన పిల్లలు ఎంతమంది పోయారో ఇప్పటికీ లెక్క పెట్టుకోను.

మారిషస్ మన పల్లె కాదులే. జాగ్రత్త గల దేశం, ఇళ్ళు గట్టివి. తుపాను హెచ్చరికలు నాలుగు తరగతులుగా ఇస్తారు. మొదటిది ఒకటిన్నర రెండు రోజుల ముందే వస్తుంది, మూడోది ఇచ్చారంటే బస్సులు ఆగిపోతాయి, దుకాణాలు మూసేస్తారు, నాలుగోది అంటే గంటకి 120 కిలోమీటర్ల ఈదురుగాలి వచ్చేసినట్టు. ఇదంతా నా బుర్రకి తెలుసు, నా ఒంటికి తెలియదు. ఈ రోజుకీ రాత్రిపూట గాలి వీస్తే లేచి కూర్చుంటాను. కాబట్టి నా మాట విని దసరా సెలవులకి మార్చు. అక్టోబరులో ఎండ హాయిగా ఉంటుంది, వానలు తక్కువ, బాబిగాడికి బడి పోదు. టికెట్లు మార్చినందుకు ఎంత పోతే అంత నేనిస్తాను. పెద్దమ్మ పెత్తనం అనుకో, ఏమైనా అనుకో. మార్చడం కుదరక జనవరిలోనే వెళ్ళి, అక్కడ మూడో హెచ్చరిక ఇచ్చాక కెరటాలు ఫోటో తీద్దామని ఒడ్డుకి వెళ్ళారని తెలిసిందో, మీ ఆయన్ని కూడా చూడను, ఇద్దరికీ పెడతాను చీవాట్లు.

సముద్రం దగ్గర ఇంకొక్క మాట. ఆ దీవి చుట్టూ పగడపు దిబ్బ ఉంది. పెద్ద కెరటం దూరాన దానికే కొట్టుకుని విరిగిపోతుంది, లోపల నీళ్ళు చెరువులా ఉంటాయి. హంసలదీవి కెరటాలు చూసిన కళ్ళకి అది సముద్రంలాగే అనిపించదు. అక్కడే మోసపోతాం. దిబ్బకి సందులుంటాయి, వాటి దగ్గర లాగుడు ఉంటుంది. దక్షిణాన గ్రీ గ్రీ అనే చోట దిబ్బే లేదు, దూరం నుంచి చూసి వచ్చెయ్యండి. నీళ్ళలోకి దిగితే కాళ్ళకి రబ్బరు బూట్లు ఉండాలి, అచ్చం రాయిలా కదలకుండా పడుకునే విషపు చేప ఉంటుందక్కడ. బాబిగాడు మోకాలి లోతులో ఉన్నా సరే, వాడి చెయ్యి ఒకరి చేతిలో ఉండాలి. ఫోన్ ఇంకో చేతిలో ఉంటే అది చెయ్యి పట్టుకున్నట్టు కాదు.

అసలు చెప్పవలసింది ఇప్పుడు చెబుతున్నాను.

మీ పెద్దనాన్న రిటైరయ్యాక, 2012 ఆగస్టులో మేమిద్దరం వెళ్ళాం కదా. ఫోటోలు చూపించాను, ఏడురంగుల మట్టీ, గంగా తలావ్ దగ్గర పెద్ద శివుడూ. ఒక సంగతి మాత్రం మీ అమ్మకి కూడా చెప్పలేదు.

క్యూర్‌పీప్ అనే ఊళ్ళో బస్సు కోసం నిలబడి ఉన్నాం. సన్నటి జల్లు. మీ పెద్దనాన్న చేతిలో మన బందరు బట్టల కొట్టు గుడ్డసంచీ. మా పక్కన ఒక ముసలావిడా, పదేళ్ళ మనవరాలూ నిలబడ్డారు. ఆ పిల్ల మా సంచీ వంకే చూస్తోంది. కాసేపటికి వేలు పెట్టి, ఒక్కొక్క అక్షరమే చదవడం మొదలుపెట్టింది. "వ... స్త్రా... ల... యం." నాకు ఒళ్ళు జలదరించింది. ఆ దేశంలో బడిలో తెలుగు చెబుతారు, ఉగాదికి దేశమంతా సెలవు, అవన్నీ మీ పెద్దనాన్న ముందే చెప్పారు. కానీ మన సంచీ మీద అక్షరాలు అంత దూరాన ఒక పిల్ల కూడబలుక్కుంటుంటే వినడం వేరు.

ఆవిడకి ఆ పిల్ల పాటి తెలుగు కూడా రాదు. అక్కడివాళ్ళ క్రియోల్ భాషలో మాట్లాడుతుంటే మనవరాలు ఇంగ్లీషులో చెప్పింది. ఆవిడకి వచ్చిన తెలుగు నాలుగైదు మాటలు. తన గుండె మీద చెయ్యి పెట్టుకుని "కోరంగి, కోరంగి" అంది. ఆ రోజుల్లో అక్కడికి వచ్చిన తెలుగువాళ్ళని, ఏ ఊరివాళ్ళనైనా, కోరంగివాళ్ళనే అనేవాళ్ళట, చాలామంది కాకినాడ దగ్గరి ఆ కోరంగి రేవులో ఓడ ఎక్కారని. తర్వాత రామభజన ఒక చరణం సన్నగా పాడింది, మాటలు అరిగిపోయి ఉన్నాయి, వరస మాత్రం మా అమ్మమ్మ పాడినట్టే ఉంది. పాడి, మమ్మల్ని ఇంటికి రమ్మంది. తూర్పు వైపు పల్లె, బస్సులో ముప్పావు గంట. భోంచేసి వెళ్ళమంది. కోరంగి ఇప్పుడు ఎట్లా ఉందో చెప్పమంది.

బుజ్జీ, నేను అబద్ధం ఆడాను. సాయంత్రం మా విమానం అన్నాను. ఇంకా నాలుగు రోజులుంది. నా చేతికి నాలుగు గాజులు, మెడలో పుస్తెలతాడు. పైగా ముందటేడు ఒక యాత్రలో మంచి మాటలు చెప్పి మా సంచీ కొట్టేశారు. పరాయి ఊళ్ళో ఎవరు పిలిచినా వెళ్ళకూడదని ఒట్టు పెట్టుకున్నాను. మీ పెద్దనాన్న నోరు తెరవబోతే మోచేత్తో పొడిచాను. ఆ పిల్ల నోటుపుస్తకంలో కాగితం చింపి తన పేరూ ఊరూ తెలుగులో రాసి నా చేతిలో పెట్టింది. బస్సొచ్చింది, ఎక్కేశాం.

మూడోరోజు పోర్ట్ లూయీ కూరగాయల మార్కెట్లో అదే ముసలావిడ ఎదురైంది. నన్ను గుర్తుపట్టింది. విమానం ఎక్కవలసిన మనిషిని అక్కడ నిలబడి ఉన్నాను. ఆవిడ ఏమీ అడగలేదు. నమస్కారం పెట్టి, నేను వెళ్ళడానికి దారి ఇచ్చి పక్కకి తప్పుకుంది. అరిచి ఉంటే బాగుండేది.

ఆ మధ్యాహ్నం ఆప్రవాసి ఘాట్‌కి వెళ్ళాం. కూలికి వచ్చినవాళ్ళు ఓడ దిగి ఎక్కిన మెట్లు అక్కడున్నాయి. 1834 నుంచి మొదలుపెట్టి నాలుగున్నర లక్షల పైగా మనుషులు ఆ రేవులో దిగారట. రాళ్ళ కింద బంగారం దొరుకుతుందని వాళ్ళకి చెప్పి తెచ్చారని అంటారు. నువ్వు వెళ్ళినప్పుడు చూడు, చెరకు తోటల మధ్య నల్లరాళ్ళ గుట్టలు కనిపిస్తాయి, ఆ చేతులతో ఏరి పేర్చినవే. మీ పెద్దనాన్న ఆ మెట్ల దగ్గర చాలాసేపు నిలబడ్డారు. నాతో మాట్లాడలేదు. రాత్రి పడుకునేముందు మాత్రం అన్నారు, "ఆ కోరంగి రేవు 1839 ఉప్పెనలో పాడైపోయింది. ఇప్పుడక్కడ మడ అడవి. ఆ మాటొక్కటి చెప్పి వద్దామనుకున్నాను. ఉప్పెన అంటే ఏమిటో నీకంటే బాగా ఎవరు చెబుతారు ఆవిడకి?"

మళ్ళీ వెళ్దామనుకున్నాం. ఆయన మోకాళ్ళు, తర్వాత గుండె, తర్వాత నీకు తెలిసిందే. పోయేముందు నెలలో కూడా ఒకసారి అడిగారు, ఆ కాగితం ఉందా అని. ఉంది. నా పట్టుచీరల కింద బీరువాలో ఉంది.

ఎవరు పిలిచినా వెళ్ళిపొమ్మని నీకు చెప్పడం లేదు. పసివాడితో వెళ్తున్నావు, చీకటి పడ్డాక వద్దు, వెళ్ళే చోటు హోటల్లో చెప్పి వెళ్ళు, బంగారం ఇక్కడే లాకర్లో పెట్టి వెళ్ళు, అప్పుడు నాలా భయపడక్కర్లేదు. కానీ ఒక రోజు మాత్రం బీచి మానుకుని ఆ పల్లెకి వెళ్ళు. ఆవిడ ఉందో లేదో, అప్పటికే డెబ్బై దాటి ఉంటాయి. మనవరాలికి ఇరవై నాలుగో ఐదో వచ్చి ఉండాలి. ఇల్లు కనుక్కోవడం కష్టం కాదు, చిన్న ఊరు అనే చెప్పింది. వాళ్ళు పెట్టింది తినండి. దాల్ పురీ రెండేసి చొప్పున పెడతారు, లోపల శనగపప్పు పొడి, మన బొబ్బట్టుకి అక్క అనుకో, తీపి ఉండదంతే. బాబిగాడు తింటాడు. వాడిచేత అ ఆలు చదివించు, ఆ అమ్మాయి వింటుంది.

కాకినాడలో మీ మామయ్యకి నిన్ననే ఫోన్ చేశాను. ఆదివారం కోరంగి వెళ్ళి ఫోటోలు తీసుకొస్తానన్నాడు, ఊరు పేరున్న బోర్డూ, మడ చెట్లూ, గోదావరి పాయా. కడిగించి ఆ కాగితంతో పాటు నీకు కొరియర్ చేస్తాను. అందగానే ఫోన్ చెయ్యి. పెద్ద సూట్‌కేసులో వెయ్యకు, అవి దారిలో తప్పిపోతుంటాయి. చేతిసంచీలో, పాస్‌పోర్టుల పక్కనే పెట్టుకో.

మీ పెద్దమ్మ