బీటా హెచ్‌సీజీ రెట్టింపు కాలేదు.. గర్భం నిలుస్తుందా?

ప్రశ్న: నాకు 33 ఏళ్లు. ఐవీఎఫ్‌లో భాగంగా ఫ్రీజ్ చేసిన అయిదో రోజు పిండాన్ని ఒకదాన్ని ప్రవేశపెట్టారు. 14వ రోజున బీటా హెచ్‌సీజీ (గర్భం వచ్చిందా అన్నది తెలిపే హార్మోన్ రక్తపరీక్ష) 186 ఉంది. 48 గంటల తర్వాత 318 వచ్చింది. రెట్టింపు కావాలంటున్నారు. నాతోపాటే చికిత్స తీసుకున్న ఒకావిడకు మొదటిసారే 700 దాటింది. నాకు భయంగా ఉంది. ప్రొజెస్టెరాన్ మందులు ఇంకా వాడాలా?
- ఒక సోదరి, ఖమ్మం

జవాబు: మీ రిపోర్టులను బట్టి ఇప్పటికైతే కంగారు పడాల్సిందేమీ లేదు. పిండం గర్భాశయం లోపలి పొరకు అంటుకున్నాక, ముందుముందు మాయగా ఎదిగే కణాల నుంచి హెచ్‌సీజీ విడుదలై తల్లి రక్తంలో కలుస్తుంది. పిండం అంటుకోవడం ఒకరిలో ఒకట్రెండు రోజులు ముందు, మరొకరిలో కాస్త ఆలస్యంగా జరగొచ్చు, కవలలైతే హార్మోన్ ఎక్కువగానూ ఉండొచ్చు కాబట్టి ఒకే రోజు పరీక్ష చేయించుకున్న ఇద్దరి అంకెలను పోల్చి చూసుకోవడంలో అర్థం లేదు. ఆసుపత్రి వరండాల్లో ఈ పోలికలు తెచ్చిపెట్టే దిగులు అంతా ఇంతా కాదు.

చూడాల్సింది పెరుగుదల వేగాన్ని. రెండు రోజులకు రెట్టింపు కావాలన్నది పాత లెక్క. మొదటి ఫలితం 1500 లోపు ఉన్నవారిలో 48 గంటల్లో కనీసం 49 శాతం పెరిగినా అది సాధారణ గర్భం కావచ్చు. అంకె పెద్దదవుతున్నకొద్దీ ఈ వేగం తగ్గుతుంది, 3000 దాటాక 33 శాతం పెరుగుదలనూ తక్కువగా పరిగణించం. మీకు దాదాపు 71 శాతం పెరిగింది. మళ్లీ పరీక్ష చేయించమని మీ డాక్టర్ చెబితే అదే ల్యాబ్‌లో చేయించండి, ల్యాబ్ మారితే కొలిచే పద్ధతీ మారి ఫలితంలో తేడా రావొచ్చు.

అయితే హెచ్‌సీజీ బాగా పెరిగినంత మాత్రాన గర్భం సరైన చోటే ఉందని చెప్పలేం. పిండాన్ని గర్భాశయంలోనే ఉంచినా, అరుదుగా అది ట్యూబులోకి జారి అక్కడ పెరగొచ్చు, అలాంటి గర్భాల్లో కొన్నింటిలో తొలి రోజుల్లో హార్మోన్ మామూలుగానే పెరుగుతుంది. దీన్ని తేల్చేది స్కానింగే. పిండాన్ని ప్రవేశపెట్టిన రోజును 2 వారాల 5 రోజుల గర్భంగా లెక్కిస్తాం కాబట్టి, ఆ రోజు నుంచి సుమారు 26 రోజులకు, అంటే ఆరున్నర వారాలప్పుడు, యోని ద్వారా చేసే స్కాన్‌లో గర్భసంచిలో పిండం, సాధారణంగా గుండె చప్పుడు కూడా కనిపిస్తాయి. అంతకు ముందే తొందరపడి చేయిస్తే ఏమీ కనిపించక అనవసరపు ఆందోళనే మిగులుతుంది.

ప్రొజెస్టెరాన్ మాత్రం మీ అంతట మీరు మానొద్దు. అది హెచ్‌సీజీని పెంచదు, కానీ గర్భాశయ పొరను నిలబెడుతుంది. ఫ్రీజ్ చేసిన పిండం కోసం ఈస్ట్రోజెన్ మాత్రలతో పొరను సిద్ధం చేసినప్పుడు సాధారణంగా అండం విడుదల కాదు, అందువల్ల అండాశయం నుంచి రావాల్సిన ప్రొజెస్టెరాన్ కూడా ఉండదు. మాయ ఆ బాధ్యత తీసుకునేదాకా, అంటే సాధారణంగా 10 నుంచి 12 వారాల వరకు, బయటి నుంచి ఇవ్వాల్సిందే.

ఈలోగా పొత్తికడుపులో ఒకవైపు తీవ్రమైన నొప్పి, భుజం నొప్పి, కళ్లు తిరగడం, ఎక్కువగా రక్తస్రావం కావడం వంటివి కనిపిస్తే స్కాన్ తేదీ కోసం ఎదురుచూడకుండా, రాత్రయినా సరే, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.